పులికాటు తీరమున చేపల కాపుదల

తిరుపతి యన్నంతనే మన మనస్సు కొండమీదికే పోవును. ఆ జిల్లాకు కడలితీరముగూడ గలదని తలచువారరుదు. 2022లో తిరుపతి జిల్లా యేర్పడినపుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతములు దానియందు చేరినవి. మేము శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సూళ్లూరుపేట చేరి, పులికాటు సరస్సును చూడబోతిమి.

మన దేశమున ఉప్పుకలిసిన నీటి సరస్సులలో చిలకా తరువాత నిదియే పెద్దది. శీతకాలమగుటచే రాజహంసలు నిడుపైన కాళ్లతో నీట నిలిచి మేయుచుండెను. ఆ సొగసు చూచి, తీరగ్రామమున రొయ్యలు, పండుగప్పలు పెంచు చెరువులకడకు పోతిమి.

గట్టుమీద నొక యిల్లాలు మమ్ము “రండమ్మా” యని యాదరించెను. మెడలోని గొలుసు తాకట్టు పెట్టి చెరువు వేసినారట. “బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే చెయ్యి పెట్టి చూస్తాము. చేపకు అట్ల కుదరదు గదా! అది తిండి మానిందంటేనే మనకు తెలియల్ల” అని యామె పలికెను.

ఆ మాటలో శాస్త్రమంతయు నున్నది. మేత మిగిలినదా, చేపలు నీటిపైకి వచ్చి రొప్పుచున్నవా, ఒడలు గట్టుకో వలకో రాచుకొనుచున్నవా యని దినదినము కనిపెట్టుదురు. అప్పుడప్పుడు విసురువలతో కొన్నిటిని పట్టి, తూచి, మొప్పలెత్తి చూతురు. ఆరోగ్యముగల మొప్ప యెఱ్ఱగా నుండును. పాలిపోయినను, జిగురు పేరుకొన్నను పురుగు పట్టినదని శంకింతురు. పేనువంటి పురుగులు చర్మమునంటి చేపను పీల్చును. పండుగప్ప మంచినీటను ఉప్పునీటను గూడ బ్రతుకగలదు; కావున కొంతసేపు మంచినీటనుంచినచో ఉప్పునీటి పురుగులు చాలవరకు రాలిపోవును, చేపకు హానిలేదు. కంటికి కానరాని వైరసులకు మాత్రము ఇట్టి మందు లేదు. పండుగప్ప పిల్లలకు నరములకు సోకు వైరసు పట్టినచో అవి గిరగిర తిరుగుచు చచ్చును. అందుచే పిల్లలను చెరువున వదలకమునుపే ప్రయోగశాలలో పరీక్షింపవలెను.

ఈ జాగ్రత్త కష్టములు నేర్పిన పాఠము. 1994 ప్రాంతమున తూర్పుతీరపు రొయ్యలకు తెల్లమచ్చ తెగులు సోకి యెన్నో కుటుంబములను అప్పులపాలు చేసెను. చెన్నపట్టణమున 1987లో నెలకొన్న ఉప్పునీటి జలచరముల పరిశోధనసంస్థ 1997లో పండుగప్పను చెఱలోనే గ్రుడ్లు పెట్టించెను. 2013లో దేశమంతట నీటిజీవుల తెగుళ్లను కనిపెట్టు పథకము మొదలయ్యెను.

ఒక చెరువు వల మఱియొక చెరువున వేయకుండుట, పీతలు ప్రాకి రాకుండ కంచె కట్టుట, చచ్చినవానిని దూరముగా పూడ్చుట—ఇవి యింటి శుభ్రతవంటివే. తెల్లమచ్చ తెగులు మనుష్యులకంటదు. కాని యొక చెరువునుండి మఱియొక చెరువునకు రాత్రికి రాత్రియే ప్రాకును. తన చెరువున తెగులున్నదని దాచక పొరుగువారికి చెప్పు గృహస్థుడే ఊరినెల్ల కాపాడును. సోదరీమణులారా! అట్టి యింట ఆ మాట మొదట చెప్పవలసినది చెరువుగట్టున దినమెల్ల నిలుచు ఆ యిల్లాలే.