తల్లి కిటికీ

కార్వేటినగరము ఏ జిల్లాలోనిది అని అడుగువారిని, ఎప్పటి మాట అని మనము తిరిగి అడుగవలసి యుండును. 1911 ఏప్రిల్‌కు ముందు అది ఉత్తర ఆర్కాటు. ఆ పిమ్మట చిత్తూరు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినపుడు పొరుగున ఉన్న పుత్తూరు అందులోనికి పోయినది. కార్వేటినగరము చిత్తూరులోనే నిలిచినది. ఇండ్లు కదలలేదు, స్కంద పుష్కరిణి కదలలేదు. పైనున్న జిల్లాలే మారుచు వచ్చినవి. కంప్యూటరు తెరపై కూడ ఇట్టి చిక్కే ఉన్నదని ఒక పూర్వ విద్యార్థి వలన మాకు తెలిసినది.

మా తెలుగు, ఉర్దూ గ్రంథముల పట్టిక కొరకు ఆతడు జావా భాషలో ఒక ప్రోగ్రాము వ్రాసి ఇచ్చినాడు. ఉన్న గ్రంథమునే మరల నమోదు చేయబోయినచో ఒక హెచ్చరిక పెట్టె తెరపైకి రావలెను. వచ్చెడిది, కాని ఒక్కొక్కమారు పెద్ద కిటికీ వెనుక దాగెడిది. దానికి బదులు చెప్పనిదే పెద్ద కిటికీ పలుకదు. కనబడని పెట్టెకు బదులు చెప్పుట ఎట్లు? యంత్రమును ఆపివేయక తప్పలేదు. ఆ పూట ఎక్కించిన నలుబది పుస్తకముల వివరములు పోయినవి. ఆతడు సిగ్గుపడి, ఈ పని ఇక తనవలన కాదన్నాడు. మేము వలదని కూర్చుండబెట్టి, కారణమేమో వివరింపుమంటిమి.

1998 చివర జేడీకే 1.2తో వచ్చిన స్వింగ్ పద్ధతిలో బటన్ ప్యానెల్‌లోను, ప్యానెల్ మరియొక ప్యానెల్‌లోను, అన్నియు కడకు ఫ్రేమ్ అను కిటికీలోను ఉండును. దేనినైనను గెట్‌పేరెంట్ అని అడిగినచో తన పైదానిని చెప్పును; ఇల్లు వీధిని, వీధి ఊరిని చెప్పినట్లు. కిటికీ దొరకువరకు అట్లు పైకెక్కు పనిని గెట్‌విండోయాన్సెస్టర్ ఒక్క పిలుపులో చేసిపెట్టును. మనవాడు దానినే పిలిచినాడు. అయితే ప్యానెల్ తయారగుచుండగానే పిలిచి, వచ్చిన జవాబును దాచుకొన్నాడు. అప్పటికి ప్యానెల్ ఇంకను ఏ కిటికీలోను చేరలేదు. జవాబు శూన్యము. ఆ శూన్యమునే యజమానిగా పొందిన పెట్టె వెనుకకు జారిపోయినదన్న వింత యేమున్నది?

తెలుగు చదివినవారికి ఆతని అలవాటు సహజముగనే తోచును. సారంగపాణి పదమును ఏ ఊరిలో పాడినను వేణుగోపాల ముద్ర అందులోనే ఉండి కార్వేటినగరపు స్వామిని చూపును గదా! ప్యానెల్‌కు అట్టి ముద్ర వేయరాదు. దానిని వేరొక కిటికీలో చేర్చిన వెంటనే మొదటిదానినుండి తొలగిపోవును; దాచుకొన్న పేరు అబద్ధమగును. కనుక పెట్టెను తెరవవలసిన క్షణముననే అడుగవలెను.

మౌస్ కుడి మీట నొక్కగా తేలివచ్చు మెనూ సంగతి వేరు. అందులో ఒకదానిని ఎంచుకొనగానే మెనూ మూసికొనును. అప్పుడు నీ తల్లి కిటికీ ఏది యన్న దానికి దిక్కు తోచదు. నిన్ను పిలిచినదెవరని గెట్‌ఇన్వోకర్ ద్వారా అడిగి, ఆ పిలిచినదానినుండి పైకి పోవలెను. ఇది తెలియుటకే ఆతనికి రెండు సాయంత్రములు పట్టినవి.

పోయిన నలుబది పుస్తకములను ఆతడే మరల ఎక్కించినాడు. పేర్లు మేము చదివి వినిపించితిమి. పదునేడవ పుస్తకము రెండుసార్లు వచ్చినది. పెట్టె ముందుకే వచ్చి నిలిచినది.