మారు వడ్డన

మా పాయకరావుపేటకూ తునికీ మధ్య తాండవ నది ఒక్కటే అడ్డం. వంతెన దాటితే జిల్లా మారిపోతుంది. అప్పట్లో విశాఖపట్నం, తూర్పు గోదావరి. 2022 నుండి అనకాపల్లి, కాకినాడ. చిన్నతనంలో మాత్రం మాకు ఆ వంతెన దాటడమంటే నాన్నగారి వెంట హోటలుకు వెళ్ళడమే. టికెట్టు కొని ఆకు ముందు కూర్చుంటే 'ఫుల్ మీల్సు'. అడిగినన్నిసార్లు అన్నం, అడిగినంత పప్పు, చారు. తొలి వడ్డనకే కడుపు నింపుకోవద్దనీ, పెరుగుకు చోటుంచుకోవాలనీ నాన్నగారు ప్రతిసారీ హెచ్చరించేవారు. అమ్మ వచ్చేది కాదు. "ఇంట్లో వండినదేం చేయను?" అనేది. హోటలు తిండి ఆమెకు సరిపడదని మేమే ఖాయం చేసుకున్నాం.

నాన్నగారు పోయిన మరుసటి ఏడు అమ్మను వెంటబెట్టుకొని అమెరికాలో, ఫ్రీమాంటులో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఒక ఆదివారం అది మమ్మల్నందరినీ ఒక చైనా హోటలుకు తీసుకువెళ్ళింది. 'హాట్ పాట్' అంటారు. తలకింత అని కడితే గంటన్నరసేపు తిన్నవాడికి తిన్నంత.

బల్ల నడుమనే పొయ్యి. దానిమీద మధ్యలో గోడ కట్టిన గిన్నె. ఒకవైపు ఎండుమిరపకాయలు తేలే ఎర్రని రసం, మరోవైపు పుట్టగొడుగుల రసం. ఈ రెండరల గిన్నెకు చైనావాళ్ళు పెట్టుకున్న పేరు 'యువాన్‌యాంగ్', ఎప్పుడూ జంటగా ఉంటాయని వాళ్ళు చెప్పుకునే బాతుల పేరు. మన కావ్యాల్లోని చక్రవాకాలు రాత్రయితే విడిపోతాయి. ఈ బాతులకు ఆ శాపం లేనట్టుంది. ఆ మాట అమ్మతో చెప్పబోయి మానుకున్నాను.

పచ్చి చేపముక్కలూ, ఆకుకూరలూ ఎవరికి వారే తెచ్చుకొని అందులో ఉడికించుకోవాలి. "అందరూ ఒకదాంట్లోనే పుల్లలు ముంచితే ఎంగిలి కాదటే?" అని అమ్మ చెల్లెల్ని నిలదీసింది. తోడుకోవడానికి వేరే గరిటె ఉందని చూపించాక కుదుటపడింది. ఎర్ర రసంలో ఉడికిన చేప రుచి చూసి, "చింతపండు లేదుగాని, పులుసే" అని తీర్పు చెప్పింది. పెంటకోట చేపలు తిని పెరిగిన నాలుక; కాదనే ధైర్యం ఎవరికుంది?

రెండోసారి పళ్ళెం నింపుకొని వచ్చి, "ఎవరెంత తిన్నారో ఇక్కడ ఎవరూ చూడరా?" అని అడిగింది.

"చూడరమ్మా. వదిలేస్తేనే డబ్బు వేస్తారు."

కాసేపు మాట్లాడలేదు. తరువాత గిన్నెకేసి చూస్తూనే చెప్పింది.

"మీ నాన్నగారు నన్నూ తుని తీసుకెళ్ళారురా ఒకసారి. నువ్వింకా పుట్టలేదు. అంతా మగవాళ్ళే. వడ్డించేవాడు బేసిను పట్టుకొని ఎదురుగా నిలబడి, అన్నమా అని గట్టిగా అడిగాడు. చాలన్నాను. ఆయన మూడుసార్లు వేయించుకున్నారు. ఇంటికొచ్చి, ఆయన పడుకున్నాక చద్దన్నం తిన్నాను."

"నాన్నగారికి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? డబ్బు దండగయిందని బాధపడరూ?"

ఆయన ఉండగానే ఈ సంగతి తెలిసి ఉంటే బాగుండునని మొదట అనిపించింది. తెలిస్తే ఏం చేసేవారో కూడా నేను చెప్పగలను. మర్నాడే మళ్ళీ తీసుకెళ్ళి, వడ్డించేవాణ్ణి తానే కేకేసి, అమ్మ ఆకులో గుట్టగా పోయించి, ఆమెను మరింత సిగ్గుపడేలా చేసి ఉండేవారు.

గంటన్నర కావస్తోందని చెల్లెలు గడియారం చూపించింది. అమ్మ వినిపించుకోలేదు. పళ్ళెం తీసుకొని, ఆకుకూరలున్న వైపు మూడోసారి నడిచింది.