నొప్పి లేని గడ్డ

చిగురు మీద గడ్డ లేచినా నొప్పి లేకపోతే ‘ఏం కాదులే’ అని ఊరుకుంటాం. ఆ ధీమాకు ఆధారం లేదు. పుచ్చిన పన్ను వేరు దగ్గర చేరిన చీము చిగురుకు రంధ్రం చేసుకుని కారిపోతుంటే నొప్పి తగ్గుతుంది, లోపల ఎముక మాత్రం కరుగుతూనే ఉంటుంది. నోటి క్యాన్సర్ కూడా మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. ఛత్తీస్‌గఢ్‌లో గుడాఖు, అంటే పొగాకూ బెల్లమూ కలిపిన ఆ నల్లటి ముద్దని, పొద్దున్నే వేలితో చిగుళ్లకు రుద్దుకునేవాళ్లు ఎందరో. అందుకే మా బాసగూడ వైపు ఈ సంగతి మరీ గట్టిగా చెప్పాలి.

నిజానికి ఇలాంటి గడ్డల్లో ఎక్కువ మామూలువే. గర్భిణులకు లేచే ఎర్రటి కండ కాన్పయ్యాక తరచు దానంతటదే తగ్గుతుంది. కానీ ఏది ఏదో అద్దంలో చూసి తేల్చలేం. రెండు వారాలు దాటినా ఉంటే, లేదా ఈలోపే గట్టిపడినా, రక్తం కారినా, పన్ను కదిలినా పళ్ల డాక్టర్‌కి చూపించాలి. ఆవపల్లి మీదుగా బీజాపూర్ వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఒప్పుకుంటాను. ముదిరాక జగదల్‌పూర్, వరంగల్ తిరిగితే ఎన్ని రోజుల కూలి పోతుందో లెక్కేయండి. పరీక్ష కోసం గడ్డలోంచి ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయమూ ఉంది. మత్తు సూది వేసి గోరంత ముక్క తీస్తారు, అంతే. జబ్బు పాకడానికి సందిచ్చేది ఆలస్యమే. ఈలోగా గడ్డని సూదితో పొడవొద్దు, గుడాఖు తాకించొద్దు.