పగ్గాలు లేని ప్రయాణం

స్వయంగా వాహనం నడిపేవానికి ప్రయాణమంటే కర్తృత్వమే. నలభై సంవత్సరాలు విజయవాడ–హైదరాబాదు రహదారిపై కారు నడిపిన ఆ విశ్రాంత ఇంజనీరు విషయంలో ఇది అక్షరసత్యం. జ్యూరిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్న కుమారుని ఇంటికి వేసవిలో వెళ్లినప్పుడు, పదకొండేళ్ల మనుమరాలిని, ఏడేళ్ల మనుమణ్ణి తానే కారులో ఆల్ప్స్ పర్వతాలకు తీసుకువెళ్లాలని ఆయన సంకల్పించారు. అంతర్జాతీయ లైసెన్సు కూడా వెంట తెచ్చుకున్నారు. కుమారుడు మాత్రం తాళంచెవి ఇవ్వలేదు. "నాన్నగారూ, ఇక్కడ కుడివైపు నడపాలి, కొండదారులు, పైగా పిల్లలు..." అని ఆగిపోయాడు. ఆగిన ఆ వాక్యంలో మిగిలినది తన అరవై ఎనిమిదేళ్ల వయస్సేనని తండ్రి గ్రహించారు. రెండు రోజులు ఆ ఇంట మాటలు తగ్గాయి.

మూడవనాడు భార్యతో, పిల్లలతో ఆయన రైలెక్కడం పరాజయభావంతోనే జరిగింది.

స్విట్జర్లండులో ఆరేళ్లు నిండిన పిల్లలు తల్లిదండ్రులు కాని పెద్దలతో తిరగడానికి ఏడాదికి 30 ఫ్రాంకుల కార్డు ఒకటి ఉన్నది. తాతలు మనుమలను వెంటబెట్టుకొని తిరుగుతారన్న లోకసత్యాన్ని ఒక రైల్వే వ్యవస్థ గుర్తించడం అల్పవిషయం కాదు. అక్కడ 1982 నుండి దేశమంతటా రైళ్లు నియతకాలాంతరాలలో నడుస్తున్నాయి. ఒకటి తప్పితే అదే దారిలో మరొకటి గంటలోపే వస్తుంది. ఈ నియతి బోధపడేవరకు ఆయన ప్రతి స్టేషనులోనూ అందరినీ పరుగులు పెట్టించారు. వేదిక మీది గడియారంలో ఎర్ర సెకన్ల ముల్లు పన్నెండు దగ్గర క్షణకాలం ఆగి కదలడాన్ని మొదట కనిపెట్టినవాడు మనుమడు. "తాతయ్యా, అది మనకోసం ఆగుతోంది!" అన్నాడు. ఆ తరువాత పరుగులు ఆగాయి.

కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా నిరూపించి, ఆత్మను ఆ రథంలో ఆసీనుడైన రథిగా చెప్పింది. కారు నడిపేవానికి ఆ ఆసనం దుర్లభం. దృష్టి దారిమీద, పాదం బ్రేకు మీద. వెనుక కూర్చున్న పిల్లలు అద్దంలో కనిపించే రెండు తలలు మాత్రమే. గత పర్యటనలలో కుమారుని కారులోనూ ఆయన ముందు సీటులో కూర్చుని దారినే చూశారు, పిల్లలు ఫోన్లనే చూశారు. రైలులో సీట్లు ఎదురెదురు. మనుమరాలి కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉన్నదని ఆయన గమనించినది అప్పుడే.

2016లో ప్రారంభమైన 57 కిలోమీటర్ల గోట్‌హార్డ్ సొరంగంలో వేగపు రైళ్లు సుమారు ఇరవై నిమిషాలలో పర్వతాన్ని దాటిస్తాయి. ఆయన 1882 నాటి పాత మార్గాన్నే కోరుకున్నారు; ఇంజనీరు కదా! అక్కడ రైలు కొండ గర్భంలో చుట్లు తిరుగుతూ పైకెక్కుతుంది. అందువల్ల వాసెన్ గ్రామపు తెల్లని చర్చి మూడు మార్లు కనిపిస్తుంది: మొదట తలకు పైన, తరువాత కంటికి సమంగా, చివరకు పాదాల క్రింద. చర్చిలు మూడని మనుమడు, ఒకటేనని మనుమరాలు వాదించుకున్నారు. ఆ పిల్లల తెలుగు ఫోను పలకరింపులను మించి ఎదగలేదు. ఆయన నీళ్ల సీసాకు భార్య శాలువాను చుట్టి, దానిపై వేలును క్రిందినుండి పైకి నడిపించారు. "మెలిక" అన్నది నానమ్మ. ఆ మాట పిల్లలిద్దరికీ తెగ నచ్చింది. ప్రతి మలుపునకూ "మెలిక, మెలిక" అని కేకలు. చర్చి ఒకటేనని మనుమడు ఒప్పుకున్నాడు గాని, అది కదులుతోందని పట్టుబట్టాడు. ఆ వాదాన్ని ఖండించడానికి తాతగారు తొందరపడలేదు.

గోషెనెన్ దాటి 15 కిలోమీటర్ల శిఖర సొరంగంలో రైలు ప్రవేశించినప్పుడు కిటికీ అద్దంలో నలుగురి ముఖాలు తేలాయి. మనుమరాలు ఆ ప్రతిబింబాన్నే చూస్తూ అడిగింది: "తాతయ్యా, మీరు కారు నడపడం మానేశారా? నాన్న, అమ్మ మాట్లాడుకుంటుంటే విన్నాను."

ఆయన వెంటనే బదులు చెప్పలేదు. భార్య ఆయన వైపు చూసి, చూపు మరల్చుకున్నది.

"ఇక్కడ మానేశాను. విజయవాడ సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను."

"భయమా?"

"కొంచెం."

ఆ మాట ఆయన కుమారునితో అనలేకపోయినది. మనుమరాలు తల ఊపి, ఆయన పక్క సీటులోకి మారి కూర్చున్నది. సొరంగం అవతల ఐరోలోలో ప్రకటన ఇటాలియను భాషలో వినిపించింది. నానమ్మ పులిహోర డబ్బా మూత తీసింది.