పెద్ద కొరమీను పడాలంటే ఏ గాలం కొనాల?



మామిడి రేటు గురించి, టమోటా గురించి రాసినప్పుడు రాని ఫోన్లు, పోయిన వారం చెరువు కట్ట మీద గాలం పట్టుకుని ఉన్న ఫోటో పెడితే వచ్చినాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, ఆ రాడ్డు ఏది? ఆ రబ్బరు కప్ప యాడ దొరుకుతుంది? పెద్దది పడాలంటే ఏది కొనాల?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నా. కొంచెం పొడుగుంటుంది. పని ముగించుకుని తీరిగ్గా చదవండి. గాలం గురించి మాత్రమే కావాల్సిన పిలకాయలు కూడా చివరిదాకా చదవండి, అసలు మాట ఆడ ఉంది.

ముందు ఏ చేప అనేది తేల్చుకుందాం. బొచ్చె, శీలావతి, మోసు ఇవన్నీ పిల్లలు వదిలి పెంచే చేపలు. చెరువు సొసైటీకి లీజులో ఉంటే అవి వాళ్ళ డబ్బు, వాళ్ళ కష్టం. వాళ్ళని అడగకుండా అందులో గాలం వేయడమంటే పక్కోడి మామిడితోటలో కాయ కోసినట్టే. నేను రాసేది ఎవరూ వదలకపోయినా మన చెరువుల్లో పుట్టి పెరిగే కొరమీను గురించి. దానికైనా సరే, లీజు ఉన్న చెరువైతే ఒక మాట అడిగి పోండి. అడిగితే వద్దనేవాళ్ళు తక్కువ.

కొరమీను మన సీమ కోసమే పుట్టినట్టుంటుంది. మిగతా చేపల మాదిరి మొప్పల్తో నీళ్ళల్లోనే ఊపిరి తీసుకుని బతికేది కాదు. కాసేపటికొకసారి పైకి లేచి నోటితో గాలి గుటకేసి కిందకి పోతుంది. అందుకే నీళ్ళు తగ్గి, బురదయ్యి, మిగతా చేపలన్నీ వెల్లకిలా తేలిపోయినా ఇది బతికే ఉంటుంది. చెరువు ఎండుతుంటే తడి ఆరని బురదలోకి దూరి వాన కోసం కాచుకుంటుంది. మనం బోరు ఎండినా మళ్ళీ వానొస్తాదని కాచుకుంటాం చూడండి, అదే బాపతు.

2021 నవంబర్ వానలు మర్చిపోయుండరు. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకి నీళ్ళు ఊరి, కింద ఊళ్ళు ఖాళీ చేయించినారు. కల్యాణి డ్యాం గేట్లు ఎత్తినారు. మా పక్క ఏండ్ల తరబడి చుక్క నీళ్ళు లేని చెరువులు కూడా మొరవ పోయినాయి. ఆ మరుసటి ఏడు ఎవరూ ఒక్క పిల్ల కూడా వదలని కుంటల్లో కొరమీను ఎగిరింది. కాలవల్లో, తడి గడ్డిలో ఎదురెక్కి వచ్చింది కొంత, బురదలో మిగిలింది కొంత.

ఇప్పుడు సామాను సంగతి.

దారం ముందు, రాడ్డు తర్వాత. చాలామంది డబ్బంతా రాడ్డు మీద పోసి, దారం ఏదో ఒకటి చుట్టించుకుంటారు. కొరమీను ఉండేది తామరాకుల్లో, జమ్ములో, గుర్రపుడెక్క కింద. కొక్కెం తగిలిన మరుక్షణం అది ఆకుల్లోకి దూరి తూడుకి చుట్టేసుకుంటుంది. మామూలు నైలాన్ దారం సాగుతుంది, సాగేలోపు అది లోపలికి పోతుంది. అల్లిన దారం, అంగట్లో బ్రెయిడ్ అంటారు, అది సాగదు. ముప్పై నలభై పౌండ్ల బ్రెయిడ్ అయితే తామర తూడుని కోసుకుంటూ వచ్చేస్తుంది. ముడి వేసేటప్పుడు నోటి తడి పెట్టి బిగించండి, పొడిగా లాగితే ముడి కాడే తెగుతుంది.

రాడ్డు ఆరున్నర నుంచి ఏడడుగులు, కొంచెం గట్టిది. కొన మాత్రం వంగాల, నడుము వంగకూడదు. రీలు మరీ చిన్నది వద్దు, మూడు వేలో నాలుగు వేలో నంబరున్నది చాలు. రీలుకి డ్రాగ్ అని ఒక మర ఉంటుంది. బండికి బ్రేకు ఎట్టనో దారానికి అది అట్ట. బొచ్చెకి దాన్ని వదులుగా పెట్టాల, ఎందుకంటే అది నడి చెరువులో పరిగెత్తి పరిగెత్తి అలిసిపోయే చేప. కొరమీనుకి బిగించాల. దీనికి పరుగు ఇచ్చినామంటే ఆకుల్లో ఇల్లు కట్టుకుంటుంది. ఒకే మర, రెండు చేపలకి రెండు లెక్కలు.

ఒక్క జాగ్రత్త. ఈ రాడ్లలో ఎక్కువ కార్బన్‌తో చేసినవి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన పొలాల మీద వైర్లు యాడ చూసినా వేలాడుతా ఉంటాయి. గెనిమ మీద నడిచేటప్పుడు రాడ్డు నిలబెట్టుకుని పోవద్దు, అడ్డంగా కింద పట్టుకోండి. ఉరుము వినపడితే చేపా వద్దు, గీపా వద్దు, ఇంటికి వచ్చేయండి.

ఎర విషయానికొస్తే, చిన్నప్పుడు మనం వేసింది ఎర్రలు, చిన్న చేపపిల్లలు, కప్పలు. బొచ్చెకీ శీలావతికీ తవుడు, చెనక్కాయ చెక్క కలిపిన ముద్ద. కొరమీను వేటాడి తినే జాతి, ముద్దకి రాదు. కదిలేదే కావాల. పెద్దదానికి బతికున్న కప్పని మించింది లేదని ఇప్పటికీ అంటారు. నేను కాదనను, కానీ వేయను. మన పొలాల్లోని పెద్ద బోదురుకప్పకి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది. ఒకప్పుడు కప్ప కాళ్ళు విదేశాలకి ఎగుమతి అయ్యేవి. 1987లో ఆ ఎగుమతిని నిషేధించినారు. చట్టం పక్కన పెట్టినా, రాత్రంతా మన వరి మళ్ళల్లో కూలి అడగకుండా పురుగుల్ని తినే ప్రాణిని వీపులో కొక్కెం గుచ్చి విసరడం సేద్యగాడు చేసే పని కాదు.

దాని బదులు రబ్బరు కప్ప. లోపల బోలుగా ఉంటుంది, రెండు కొక్కేలు వీపుకి ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి. అందుకే ఆకుల మీద లాగినా తట్టుకోదు. చేప నోట్లో పెట్టి నొక్కితే రబ్బరు అణిగి కొక్కేలు బయటపడతాయి. రంగు గురించి తల పగలగొట్టుకోవద్దు. తేట నీళ్ళల్లో పచ్చదో గోధుమదో, వాన నీళ్ళు కలిసి ఎర్రగా ఉంటే నల్లదో తెల్లదో, ఈ రెండు చాలు. బొటనవేలంత కప్పకి రెండు కిలోల చేప కూడా వస్తుంది. పెద్ద ఎరకే పెద్ద చేప అనే లెక్క దీని కాడ అన్నిసార్లూ పనిచేయదు.

ఈ రబ్బరు కప్ప మనదేమీ కాదు. అమెరికాలో బాస్ అనే చేప ఉంది, దాన్ని తామరాకుల్లో పట్టడానికి వాళ్ళు దీన్ని బాగా వాడతారు. ఆ బాస్ గురించి మీకొక సంగతి చెప్పాల. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అని ఇరవై ఏళ్ళ ఈడు సేద్యగాడు, వానకి పొలం బురదై దున్నడానికి వీల్లేక, స్నేహితుణ్ణి తోడు తీసుకుని మోంట్‌గోమరీ లేక్ అనే మడుగుకి పోయినాడు. ఇద్దరికీ కలిపి ఒకటే రాడ్డు, ఒకటే ఎర. వంతులేసుకుని విసిరినారు. పడిన చేప 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైన. తూకం వేయించి, ఇంటికి తీసుకుపోయి వండుకుని తినేసినారు. ఆ తూకాన్ని అందుకోవడానికి లోకానికి 77 ఏళ్ళు పట్టింది. 2009 జులై 2న జపాన్‌లో బివా సరస్సులో మనాబు కురిటా అనే ఆయన దాదాపు అంతే బరువున్నది పట్టినాడు. ఒక ఔన్సు కంటే తక్కువ తేడా. రికార్డు దాటాలంటే రెండు ఔన్సులన్నా ఎక్కువ ఉండాలనే నిబంధన వల్ల ఇద్దరి పేర్లూ సమానంగా ఉన్నాయి.

ఇదెందుకు చెప్పినానంటే, వేలకు వేలు పోసి ఆన్‌లైన్‌లో సామాను తెప్పించే మన పిలకాయల కోసం. బీద సేద్యగాడు, ఒక్క ఎర, నీళ్ళ మీద కన్ను. చేపకి మన రాడ్డు ఖరీదు తెలీదు.

నీళ్ళ మీద కన్ను అంటే ఇదీ. పొద్దున ఎండ ఎక్కక ముందు, సాయంత్రం ఎండ దిగినాక పోండి. పోయిన వెంటనే విసరొద్దు. పావుగంట కట్ట మీద కదలకుండా కూర్చోండి. కొరమీను గాలికి పైకి వచ్చినప్పుడు "గుళుక్" మని చప్పుడవుతుంది, చిన్న బుడగలు వస్తాయి. అది యాడ లేస్తుందో రెండు మూడుసార్లు గుర్తుపెట్టుకోండి. కప్పని దాని నెత్తిన పడేయొద్దు, అవతలకి విసిరి నిదానంగా దాని దావలోకి లాక్కురండి. ఆకు అంచుకి రాగానే రెండు క్షణాలు ఆపండి. చాలాసార్లు ఆపినప్పుడే కొడుతుంది. కొట్టగానే లాగొద్దు. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టి, దారం బరువెక్కినాక అప్పుడు గట్టిగా ఎత్తండి. దాని నోరు గట్టి ఎముక, మెల్లగా లాగితే కొక్కెం దిగదు.

ఇంక చెప్పాల్సిన అసలు మాట.

వానలు పడినాక చెరువు అంచుల్లో, మోకాలి లోతు నీళ్ళల్లో, కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఒక గుంపు కదలడం మీరు చూసుంటారు. అవి కొరమీను పిల్లలు. వందల్లో ఉంటాయి. గాలి కోసం అన్నీ కలిసి పైకి లేస్తాయి, నీళ్ళు చిటపటమంటాయి. వాటి కింద అడుగు దూరంలో తల్లో తండ్రో ఉంటుంది. కొరమీనులో తండ్రి కూడా కాపలా కాస్తుంది. గుడ్లు పెట్టే ముందు గడ్డి పక్కకి నెట్టి గూడు చేసేది, గుడ్ల కాడ నిలబడేది, పిల్లలు ఈడు వచ్చేదాకా వెంట తిరిగేది, అన్నీ చూస్తే మనిషి జన్మే అనిపిస్తుంది.

ఆ ఎర్ర గుంపు మధ్యలో రబ్బరు కప్ప వేసినామంటే పెద్దది కొట్టి తీరుతుంది. ఆకలితో కాదు, పిల్లల మీదకి ఏదో వచ్చిందని. పెద్ద కొరమీను పట్టడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు. ఏ రాడ్డూ అక్కర్లేదు, ఏ నేర్పూ అక్కర్లేదు. ఆ వీడియోలు చూసే మన పిలకాయలు నన్ను అడుగుతున్నారు, "అన్నా, పిల్లల మీద వేస్తే గ్యారంటీ అంట కదా" అని.

గ్యారంటీనే. నిరుడు వానలప్పుడు మా పక్క ఊరి పిల్లోడొకడు అట్టే రెండు పట్టి బండి హ్యాండిల్‌కి తగిలించుకుని వచ్చినాడు. ఒక్కొక్కటి రెండు కిలోల దగ్గరుంటుంది. ఊరంతా చూసింది, నేనూ చూసినా. మంచి చేపలు. మరుసటి రోజు పొద్దున ఆ చోటికి పోతే ఎర్ర గుంపు రెండుగా చీలి అటూ ఇటూ తిరుగుతా ఉండింది. పైన లకుముకి పిట్ట, కింద జిలేబీ చేపలు. నాలుగో రోజుకి నీళ్ళు మామూలు నీళ్ళే. రెండు కూరల కోసం ఆ చెరువులో ఒక ఏడాది కాపు పోయింది. ఆ పిల్లోణ్ణి నేను తిట్టలేదు. వాడికి ఎవరన్నా ముందే చెప్పుంటే కదా. విత్తనం కోసం దాచిన చెనక్కాయల్ని ఉడకేసుకుని తినకూడదని వాడికి తెలుసు. ఇదీ అదేనని తెలీదు.

గాలంలో ఒక మంచి గుణం ఉంది. వలకి, కరెంటు తీగకి, మందుకి ఏది పట్టాల ఏది వదలాల అనే తెలివి ఉండదు. నీళ్ళల్లో మందు కలపడం, పేలుడు వేయడం 1897 నాటి చట్టంలోనే నేరం, ఈనాటికీ నేరమే. గాలం వేసేవాడికి మాత్రం ఏ చోట విసరాల, దేన్ని ఇంటికి తేవాల అనేది చేతిలో ఉంటుంది. ఎర్ర గుంపు కనబడితే రాడ్డు మడిచి ఇంకో చోటికి పోండి. తెలీకుండా కాపలా చేప పడిందా, చేతులు తడుపుకుని పట్టుకోండి, మొప్పల్లో వేళ్ళు పెట్టొద్దు, పడిన చోటే వదిలేయండి. కొక్కెం లోపలి ఎదురుముల్లుని ముందే పటకారుతో నొక్కేసి పెట్టుకుంటే ఊడదీయడం క్షణం పని.

ఎండాకాలంలో ఇంకొకటి. చెరువు ఎండి చివర ఒక్క మడుగు మిగులుతుంది. మోటరు పెట్టి ఆ మడుగుని కూడా తోడేసి అడుగు బురద దాకా వెతికే ఊళ్ళు ఉన్నాయి. ఆ బురదలో ఉండేదే రాబోయే వానలకి విత్తనం. ఊళ్ళో పెద్దమనుషులు, సొసైటీ వాళ్ళు కూర్చుని ఆ ఒక్క మడుగు వదిలేద్దాం అనుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు.

మీ ఊరి చెరువులో ఈ ఏడు ఎర్ర గుంపు కనపడిందా? కనపడితే ఊరి పేరు రాయండి చాలు, చోటు రాయొద్దు.