పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే మాట బాగా వినబడుతుందా?



ఈ మధ్య మన యవ్వనస్థులు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతున్నారు. ఇంట్లో ఉన్న ఆంప్లిఫయరులో పాత ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి పెద్దది వేయిస్తే సౌండ్ బాగవుతుందా అని. పాస్టరును అడగాల్సిన ప్రశ్నేనా ఇది అని కొందరికి అనిపించవచ్చు. సెమినరీకి వెళ్లకముందు రెండేళ్లు పటాన్‌చెరులో ఒక వైండింగ్ షాపులో పనిచేసిన సంగతి పాతవాళ్లకు తెలుసు. అందుకే అడుగుతున్నారు. దీని వెనుక కష్టపడి సంపాదించిన డబ్బు ఉంది కాబట్టి కాస్త వివరంగానే జవాబు చెబుతాను.

ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, ఎటు వెళ్లినా ఏదో ఒక ప్రహరీ వెనుక ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటూనే ఉంటుంది. వీధి చివర దిమ్మె మీద ఉన్నది 11,000 ఓల్టుల కరెంటును తగ్గించి మన ఇళ్లకు 230 ఓల్టులు పంపుతుంది. ఆంప్లిఫయరు డబ్బాలో ఉన్నది దాని చిన్న తమ్ముడు. అది ఆ 230ని ఇంకా తగ్గించి, 24 ఓల్టులో 35 ఓల్టులో చేస్తుంది. ఆ తర్వాత డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి, కెపాసిటర్లు నిలకడ చేస్తాయి. అప్పుడు గానీ సౌండ్ పని మొదలవదు.

దీనికి మూలమైన సూత్రాన్ని కనిపెట్టినవాడు మైకేల్ ఫారడే. లండన్‌లో ఒక కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పని నేర్చుకుంటూ, బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలు చదివి శాస్త్రవేత్త అయ్యాడు. ఒక చిన్న సంఘంలో పెద్దగా ఉండి వాక్యం కూడా చెప్పేవాడు. 1831 ఆగస్టు 29న ఆయన ఒక ఇనుప ఉంగరానికి రెండు వైపులా రెండు తీగ చుట్లు చుట్టి, ఒక చుట్టులో కరెంటు మారినప్పుడల్లా రెండో చుట్టులోనూ కరెంటు కదలడం చూశాడు. రెండు తీగలూ ఒకదాన్నొకటి తాకవు. ఈ రోజు మన ఆంప్లిఫయరులో ఉన్నది కూడా అదే పద్ధతి. గుర్తుపెట్టుకోవాల్సిందేమిటంటే, ట్రాన్స్‌ఫార్మర్ శక్తిని కొత్తగా పుట్టించదు. వచ్చినదాన్ని ఓల్టేజి మార్చి అందిస్తుంది, అంతే.

మరి పెద్దది వేస్తే లాభమే లేదా? కొన్నిసార్లు ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని, ఇక్కడే బిగించిన సెట్లు మన ఇళ్లలో చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే పొదుపు చేస్తారు. పైన చీటీ మీద "24-0-24, 5 ఆంపియర్" అని ఉంటుంది. 48ని 5తో గుణిస్తే 240 వి.ఏ. స్టాంపింగులు పేర్చిన మామూలు రకంలో నిజంగా అంత సత్తా ఉన్నది సుమారు మూడు కిలోలు తూగుతుంది. చేతిలోకి తీసుకుంటే కిలో కూడా లేదంటే చీటీని నమ్మవద్దు. లోపల రాగి తీగకు బదులు అల్యూమినియం ఉంటే అది కూడా తేడానే. ఒకే మందం తీగలో అల్యూమినియం రాగి కంటే సుమారు 1.6 రెట్లు ఎక్కువగా కరెంటును అడ్డుకుంటుంది. అలాంటిది తొందరగా వేడెక్కుతుంది, బరువు పడగానే ఓల్టేజి జారిపోతుంది.

జారితే నష్టం ఎంత? ఒక లెక్క చూడండి. సెట్ ఊరికే ఉన్నప్పుడు డీసీ 34 ఓల్టులు ఉండి, పాట గట్టిగా పెట్టగానే 26కు పడిందనుకుందాం. స్పీకరుకు అందే గరిష్ఠ వాట్లు దాదాపు 40 శాతం తగ్గుతాయి. వినగానే పెద్ద నష్టమనిపిస్తుంది. కానీ చెవి వాట్ల లెక్కన వినదు. ఆ తేడా చెవికి 2 డెసిబెల్‌ల కంటే కొంచెం ఎక్కువ, అంతే. సౌండ్ రెట్టింపు అయినట్టు మనకు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి, అంటే పది రెట్లు వాట్లు కావాలి. 50 వాట్ల సెట్‌ను 60 వాట్లు చేస్తే పెరిగేది ఒక డెసిబెల్ కూడా కాదు. పక్కవాడు చెబితే తప్ప తెలియదు.

మన సంఘంలో ఒక తమ్ముడి ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. పేరు అవసరం లేదు. పాశమైలారంలో కాంట్రాక్టు షిఫ్టు చేస్తాడు. వాళ్ల అమ్మకు నడుము పడిపోయి మందిరానికి రాలేకపోతోంది. ఆదివారం ఆరాధనను ఫోన్‌లో పెట్టి, ఫోన్‌ను ఆంప్లిఫయరుకు కలిపి ఆమెకు వినిపిస్తాడు.

"అయ్యగారూ, అమ్మకు మాట సమజైతలేదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఏస్తే మంచిగ ఇనబడ్తదంట, నిజమేనా? ఓటీ పైసలు దాచి పెట్టిన."

ఆ డబ్బు ఎన్ని రాత్రుల నిద్రో నాకు తెలుసు. కొనకముందు ఒకసారి చూద్దామని వెళ్లాను. సెట్‌లో గుయ్‌మనే శబ్దం ఉంది. ఫోన్ నుంచి వచ్చే వైరు పీకేసి చూశాం. శబ్దం ఆగిపోయింది. అంటే లోపం ట్రాన్స్‌ఫార్మర్‌లో లేదు. ఫోన్‌ను చార్జింగ్‌లో పెట్టి పాడించడం వల్లా, నాసిరకం వైరు వల్లా వస్తున్న శబ్దమది. వైర్లన్నీ పీకేసి వాల్యూమ్ సున్నాకు తిప్పినా స్పీకరులో గుయ్‌మంటూనే ఉంటే, అప్పుడు పవర్ సప్లై వైపు చూడాలి. అప్పుడు కూడా ముందుగా అనుమానించాల్సింది ఎండిపోయిన కెపాసిటర్లను. స్పీకరు మౌనంగా ఉండి డబ్బానే మోగుతుంటే, అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ స్టాంపింగులు వదులై ఉండవచ్చు.

ఇక అమ్మకు మాట ఎందుకు అర్థం కావడం లేదు? స్పీకరు ఆమె మంచానికి పన్నెండు అడుగుల దూరంలో, మూలన, అల్మారా మీద ఉంది. పైన రేకులు, కింద బండలు, గోడలు ఖాళీ. బేస్ బటన్ చివరిదాకా తిప్పి ఉంది. మనం మాట్లాడేటప్పుడు బలం అచ్చుల్లో ఉంటుంది, అర్థం ఎక్కువగా హల్లుల్లో ఉంటుంది. "స", "త", "ప" లాంటి సన్నని శబ్దాలే ఒక మాటను ఇంకో మాట నుంచి విడదీస్తాయి. వయసు మీద పడితే చెవి మొదట పోగొట్టుకునేది ఆ సన్నని శబ్దాలనే. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బలాన్ని ఇచ్చేది ముఖ్యంగా బేస్‌కు, డప్పుకు, డ్రమ్ముకు. ఆ తల్లికి కావలసింది అది కాదు. ఇంటి గదిలో మాట వినడానికి ఒక వాటు కూడా ఎక్కువే.

స్పీకరును మంచం పక్కకు, మూడు అడుగుల దగ్గరకు, చెవి ఎత్తుకు తెచ్చాం. గది ప్రతిధ్వని లేకుండా లెక్కిస్తే దూరం సగమైన ప్రతిసారీ 6 డెసిబెల్‌లు పెరుగుతాయి. పన్నెండు నుంచి మూడు అడుగులకు వచ్చేసరికి 12 డెసిబెల్‌లు. అదే లాభం వాట్లలో కావాలంటే 16 రెట్లు పెంచాలి. బేస్ తగ్గించి ట్రెబుల్ కొంచెం పెంచాం. మంచి వైరు ఒకటి కొన్నాడు. గోడకు పాత దుప్పటి ఒకటి వేలాడదీశాడు. తర్వాతి ఆదివారం సాయంత్రం ఆమె ఫోన్ చేసి, "అయ్యగారూ, పార్థన చేసేటప్పుడు మీ ఎనక దగ్గింది ఎవరు? మందు తీస్కొమ్మని చెప్పున్రి" అంది.

ఇంకో రెండు మాటలు. మన బస్తీల్లో వెల్డింగ్ షాపులు నడిచే వేళ ఇంటికి వచ్చే ఓల్టేజి 190కి పడితే, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 230 చేయలేదు. దానికి స్టెబిలైజరు కావాలి. తేలికగా ఉండే కొత్త సెట్లలో అసలు ఇలాంటి బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఎస్ఎంపీఎస్ ఉంటుంది. అందులో మార్చడానికి మీకు ఏమీ లేదు.

రెండోది ప్రమాదం గురించి. 24కు బదులు 35 ఓల్టులది వేస్తే గట్టిగా మోగుతుందని షాపులో ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 35ను 1.414తో గుణిస్తే దాదాపు 50 ఓల్టుల డీసీ. లోపల 50 ఓల్టుల కెపాసిటర్లు ఉంటే అప్పటికే అంచున ఉన్నాయి. రాత్రి లోడు తగ్గి కరెంటు 250కి లేచిందంటే అది 54 దాకా పోతుంది. కెపాసిటరు పేలవచ్చు, దానితో ఐసీ కూడా పోవచ్చు. మార్చితే అదే ఓల్టేజి, ఎక్కువ ఆంపియర్లు, సరైన ఫ్యూజు. గుయ్‌మంటోందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టవద్దు. ఆ పిన్ను మీ పిల్లల ప్రాణానికి కాపలా. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి, తెలియనివాళ్లు డబ్బా విప్పవద్దు.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు బూర ప్రస్తావన తెస్తాడు. ఆ అధ్యాయమంతా చదవండి. ఎంత గట్టిగా ఊదారు అన్నది ఆయన ప్రశ్న కాదు. విన్నవాడికి అర్థమైందా అన్నదే ఆయన కొలత. సెట్ కొనేటప్పుడూ, బాగు చేయించేటప్పుడూ అదే కొలత పెట్టుకుందాం. ముందు ఏది తక్కువైందో కనుక్కోండి. నిజంగా ట్రాన్స్‌ఫార్మరే చిన్నదైతే మార్చండి, తప్పు లేదు. కాకపోతే ఆ డబ్బు ఇంట్లోనే ఉండనివ్వండి. ఈ ప్రాంతంలో ఓటీ పైసలకు వేరే అవసరాలు చాలా ఉన్నాయి.

ఇంట్లో పెద్దవాళ్లు ఆరాధన వింటున్నట్టయితే, ఈ వారం ఒకసారి వాళ్లు కూర్చునే చోట కూర్చొని మీరు కూడా విని చూడండి.

ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక. ఆమేన్.