ఇంట్లో పుట్టిన పాట

పాట అనగానే మనవాళ్ళకు సినిమా గుర్తుకొస్తుంది. అందులో తప్పేమీ లేదు. కాని ఒక మనిషి తన ఇంట్లో కూర్చుని, తానే నాలుగు మాటలు రాసుకుని, తానే వరస కట్టుకుని, తానే వాయించుకుంటూ పాడుకుంటున్నాడంటే ఊళ్ళోవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న, "ఏ సినిమాకండీ?" అని. ఏ సినిమాకీ కాదు, ఊరికేనే అంటే నమ్మరు. నమ్మినవాళ్ళు జాలిపడతారు. పాలకొల్లు పక్కన కాలవగట్టు మీదున్న మా ఊళ్ళో ఈ రెండు రకాలవారూ నాకు బాగా తెలుసు. ముప్ఫయి మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారికి ఈ వయసులో గిటారు ఏమిటని మాకు పాలుపోసే కుర్రాడు కూడా ఆలోచించాడు. "ఆయ్, పెన్షను సరిపోటం లేదేమో అనుకున్నానండి" అన్నాడు పాపం.

గిటారు నేను కొన్నది కాదు. మా అమ్మాయి చదువుకునే రోజుల్లో కొనుక్కుంది. ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెడుతూ దాన్ని బీరువా మీద పడుకోబెట్టి వెళ్ళింది. రెండు వర్షాకాలాలు అది అలాగే పడుకుంది. మా డెల్టా తేమకు మనుషులే ఉబ్బిపోతారు, కొయ్య ఉబ్బదా? నేను కిందికి దించేసరికి తీగెలు తుప్పుపట్టి, మెడ కొద్దిగా వంగి, తీగె నొక్కాలంటే వేళ్ళలో ప్రాణం లేనట్టు అయిపోయింది. పాలకొల్లులో ఒకాయన మెడ సరిచేసి కొత్త తీగెలు కట్టి ఇచ్చాడు. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగెలు తుడవాలనీ, సంచీలో పెట్టి జిప్పు వెయ్యాలనీ ఆయనే చెప్పాడు. మా ఆవిడ మాత్రం, "నా కుట్టుమిషనుకు ఏనాడైనా ఇంత మర్యాద జరిగిందా?" అంది. జరగలేదని ఒప్పుకోక తప్పలేదు.

ఇకపోతే, సొంతంగా పాట కట్టుకోవడం మన ప్రాంతానికి వింతేమీ కాదు. మాటా, వరసా రెండూ తనవే అయినవాణ్ణి మనవాళ్ళు వాగ్గేయకారుడన్నారు. ఆ వాగ్గేయకారుల చరిత్ర రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమానం అందుకున్న బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1920లో మన నిడదవోలులోనే పుట్టారు. చరిత్ర రాయడమే కాదు, తానే మాట రాసి తానే వరస కట్టిన పాటలతో రేడియోను నింపారాయన. వసిష్ఠ గోదావరి దాటి అవతలికి వెడితే శంకరగుప్తం. 1930లో అక్కడ పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు డెబ్బయిరెండు మేళకర్తల్లోనూ కృతులు రచించారు. అంత పెద్దవాళ్ళ సరసన నన్ను నేను కూర్చోబెట్టుకోవడం లేదు సుమండీ. ఈ గాలిలో, ఈ నీటిలో అది వింత పని కాదంటున్నానంతే.

గిటారు మనది కాదు కదా అంటారు కొందరు. వయొలిన్ మాత్రం మనదా? మాండొలిన్ మనదా? మా పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ ఆరేళ్ళ వయసులో తండ్రిగారి మాండొలిన్ చేతపట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది వాయించేవాడు. మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగెలు, రెండేసి చొప్పున జంటలుగా ఉంటాయి. తీగె మీటగానే నాదం చప్పున ఆరిపోతుంది. గమకం పలకాలంటే నాదం కాసేపు నిలబడాలి, తీగె పక్కకు లాగితే సాగాలి. అంచేత శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ తీసుకుని, జంటలు తీసేసి, ఐదు ఒంటితీగెలు పెట్టుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో కచేరీ చేసేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. 2014లో వెళ్ళిపోయాడు. వాద్యం ఏ దేశానిదైనా, దాన్ని మన మాట వినేట్టు చేసుకోవచ్చునని మా ఊరి పక్క పిల్లవాడే చూపించి వెళ్ళాడు.

అయినా నేను గిటారు పట్టింది కచేరీ కోసం కాదు. అసలు సంగతి చెబుతాను.

మా అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళయింది. ఫొటోలు ఉన్నాయి, ఆమె చేతిరాతతో పచ్చళ్ళ కొలతలు రాసిన పుస్తకం ఉంది. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో టేప్‌రికార్డరు ఉండేది, డజను క్యాసెట్లూ ఉండేవి. కాని క్యాసెట్టంటే సినిమా పాటలకూ, భక్తి పాటలకూను. ఇంట్లో మనిషి గొంతును అందులో పెట్టుకోవచ్చునన్న ఊహ ఏ ఇంట్లోనూ ఉండేది కాదు. మనిషి ఇంట్లోనే ఉండగా గొంతు దాచుకోవడమేమిటి?

అమ్మ చెల్లెలు, మా పిన్నికి ఎనభైమూడేళ్ళు. బాబాయి పోయాక మా దగ్గరికే వచ్చేసింది. ఒకనాటి మధ్యాహ్నం బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఎక్కడో విన్న వరస. "ఏమిటి పిన్నీ అది?" అంటే, "మీ అమ్మ నిన్ను ఉయ్యాల్లో వేసి పాడేది కాదట్రా? మాకు మా అమ్మ పాడింది" అంది. మాటలు చెప్పమన్నాను. పిన్ని చాలాసేపు ఆలోచించింది. మొదటి మాట కూడా రాలేదు. "వరస ఉందిరా, మాట పోయింది" అంది.

నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. అమ్మ గొంతు పోయింది, మాట పోయింది. మిగిలిన వరస ఒక ఎనభైమూడేళ్ళ మనిషి ఊపిరిలో ఉంది. ఆ మనిషికి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది.

మర్నాటినుంచి గిటారు పిన్ని మంచం పక్కకు చేరింది. ముందు శ్రుతి కుదరాలి. నా గొంతు ఒకటిన్నర శ్రుతి. పిన్నిది అది కాదు. హార్మోనియం అయితే మరో మెట్టునుంచి వాయించాలి, వేళ్ళ నడక మారిపోతుంది. గిటారుకు కాపో అని ఒక చిన్న బిగింపు ఉంది. మెడ మీద ఏ మెట్టుకు బిగిస్తే అక్కడినుంచి తీగెలన్నీ పొట్టివై శ్రుతి పైకి పోతుంది, వేళ్ళ నడక మాత్రం మారదు. నాకైతే మొదటి మెట్టు. పిన్ని కోసం ఒక్కొక్క మెట్టే జరుపుకుంటూ పోతే ఐదో మెట్టు దగ్గర, అంటే నాలుగు శ్రుతి దగ్గర, ఆమె గొంతు హాయిగా కూర్చుంది. పెద్దవాళ్ళను మన శ్రుతికి రమ్మనకూడదు, మనమే వాళ్ళ దగ్గరికి పోవాలి.

వరస మోహనకు దగ్గరగా ఉంది. స, రి, గ, ప, ద, ఈ అయిదే. గిటారు వాళ్ళు మూడేసి స్వరాలు కలిపి ఒక్కసారే మోగిస్తారు, దాన్ని కార్డ్ అంటారు. షడ్జమం మీద స-గ-ప మోగించాను, బాగుంది. ధైవతం మీద ద-స-గ, అదీ బాగుంది. పంచమం మీద కడితే ఎలా ఉంటుందో చూద్దామని ప-ని-రి మోగించాను. పిన్ని ఠక్కున పాట ఆపి, "మధ్యలో ఎవర్రా ఆ పరాయి మనిషి?" అంది. ఆ పరాయి మనిషి నిషాదం! మోహనలో దానికి చోటు లేదు. పిన్నికి స్వరాల పేర్లు తెలియవు, రాగం పేరు తెలియదు, ఇంటికి కొత్త మనిషి వస్తే మాత్రం తెలుస్తుంది. ఆనాటినుంచి పంచమం దగ్గర పా, రీ రెండే మీటుతున్నాను, మూడో దాన్ని గుమ్మం బయటే ఉంచి.

తరవాత మాట. వరస నడక లెక్కపెడితే మూడూ నాలుగూ, మూడూ నాలుగుగా సాగుతోంది. తకిట తకధిమి. గురజాడవారి ముత్యాలసరం నడకే ఇది. గిటారు నేర్పే పుస్తకాలన్నీ ముందు నాలుగు దెబ్బలే నేర్పుతాయి. ఆ నాలుగులో ఈ పాటను కూర్చోబెడితే కుంటి ఎద్దు బండిలా ఉంటుంది. కుడిచేతికి మూడూ నాలుగూ అలవాటయ్యేందుకు నాకు రెండు నెలలు పట్టింది. లెక్కల మాస్టారికి ఏడు ఇంత కష్టమని ఎప్పుడూ తెలియలేదు. తెలుగులో ఒక సుఖముంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి గనక వరస ఎంతసేపు సాగితే అంతసేపూ మాటను సాగదీయవచ్చు. పిన్ని చెప్పిన కబుర్లనే మాటలుగా పేర్చాను. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలవలు పొలాలకు నీళ్ళివ్వడమే కాదు, పడవలకు దారులు కూడా. అమ్మ మా ఊరికి కాపురానికి వచ్చింది పడవ మీదే. అందుకని ఇలా మొదలుపెట్టాను:

నీళ్ళు నిండెను కాల్వ లోపల
పడవ రాదిక మునుపు లాగా

జోలపాటకు ఇంత దిగులు ఎందుకన్నది మా ఆవిడ. జోలపాట వినేది పిల్లలే అయినా, పాడేది పెద్దవాళ్ళు కదా.

రికార్డు చెయ్యడం ఇంకో కథ. సిమెంటు గోడల గదిలో పాడితే గొంతు గోడకు కొట్టుకుని తిరిగొచ్చి, ఇద్దరు పాడుతున్నట్టు ఉంటుంది. పట్టణాల్లో దీనికి గోడలకు నురగపలకలు అంటిస్తారట. మాకు ధాన్యం బస్తాల గది ఉంది. మూడు పక్కలా బస్తాలు, నాలుగో పక్క తలుపుకు బొంత. అంత మెత్తగా శబ్దాన్ని మింగే గది మరొకటి నేను చూడలేదు. మైకు గిటారు గుండ్రటి కన్నానికి ఎదురుగా పెడితే బుస్సుమని ఊదినట్టుంటుంది. మెడా పెట్టే కలిసే చోటుకు గురిచేసి, ఒక జానెడున్నర దూరంలో పెడితే తీగె తీగెగా వినిపిస్తుంది. ముందు గిటారు ఒక్కటే, తరవాత చెవులకు బిగించుకుని అది వింటూ గొంతు. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్జు ఆపాలి. ఆపలేనివి రెండు. మా పొలాల వెనక రొయ్యల చెరువుల్లో రాత్రంతా తిరిగే ఏరేటర్లు ఒకటి, కప్పలు రెండోది. ఏరేటర్ల కరెంటు పోయినప్పుడు మనం పాడాలంటే మన కరెంటు కూడా పోతుంది. అంచేత బ్యాటరీతో పనిచేసే ఫోనులోనే రికార్డు చేసి, తరవాత కంప్యూటరులో ఉచితంగా దొరికే ఆడాసిటీలోకి ఎక్కించి, కలపవలసినవి కలిపాను. కప్పల్ని తీసెయ్యలేదు. అవి కూడా మా ఇంటివే.

ఇంట్లో చేసింది ఇంట్లోనే ఉండాలి, లోకం ముందుకు స్టూడియోలో చేసిందే పోవాలి అనేవారున్నారు. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే అమెరికా గాయకుడు న్యూజెర్సీలో తన ఇంట్లో కూర్చుని, క్యాసెట్టు మీద నాలుగు వరసలుగా రికార్డు చేసే చిన్న యంత్రంతో పాటలు పాడి పెట్టుకున్నాడు. స్టూడియోలో బృందంతో మళ్ళీ చేసుకునేందుకు అవి నమూనాలు. స్టూడియోలో ఎంత ప్రయత్నించినా ఆ ప్రాణం రాలేదు. చివరికి ఆ క్యాసెట్టునే 'నెబ్రాస్కా' అన్న పేరుతో రికార్డుగా విడుదల చేశారు. అంత యంత్రం పనీ ఇవాళ చేతిలో ఫోను చేస్తోంది.

ఇంకో మాట. అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి దాచారు. వేలకు వేలు దక్కాయి. పాట పక్కన రాగం పేరు ఉంది, వరస మాత్రం లేదు. ఆయన ఏ వరసన పాడారో మనకు తెలియదు. ఇప్పుడు మనం వినేవి చాలావరకు తరవాతి పెద్దలు కట్టిన వరసలు. రాగిరేకు మాటను మొయ్యగలిగింది, గొంతును మొయ్యలేకపోయింది. మా ఇంట్లో తిరగబడి, మాట పోయి వరస మిగిలింది. ఆ రెండు నష్టాలూ ఇక ఏ ఇంటికీ అక్కర్లేదు. మాటా, వరసా, గొంతూ మూడూ కలిసి ఒక చోట ఉండే వీలు ఇప్పుడు కూలివానికీ ఉంది.

పాట పూర్తయ్యాక పిన్ని చెవులకు తగిలించాను. ముందు మాట లేకుండా ఆమె తీసిన కూనిరాగం, తరవాత నేను పాడిన మాటలు. మన గొంతు మనకు గాలిలోంచే కాక ఎముకలోంచి కూడా వినిపిస్తుంది. అందుకే యంత్రంలో వింటే మన గొంతు మనది కానట్టు ఉంటుంది. పిన్ని తన గొంతును బయటినుంచి వినడం ఎనభైమూడేళ్ళలో అదే మొదలు. కాసేపు విని, "ఇది నేను కాదురా, అక్కయ్య" అంది. అక్కచెల్లెళ్ళు కదా, గొంతులు ఒకటే. నేను ఎముకల సంగతి చెప్పబోయి ఊరుకున్నాను.

ఇప్పటికి పద్నాలుగు పాటలయ్యాయి. వాటిలో తొమ్మిది పూర్తిగా నావి, అయిదు పిన్ని వరసలు. ప్రతి పాటకూ ముందు తేదీ, ఊరు, గదిలో ఎవరున్నారో చెప్పి మొదలుపెడుతున్నాను. మా అమ్మాయి మొదట వినగానే ఫోను చేసి, "నాన్నా, కప్పలు భలే ఉన్నాయి" అంది. పాటల గురించి ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం ఇంకోటి పంపమంది.

అయ్యా, అమ్మా, మీ ఇంట్లోనూ బియ్యం ఏరుతూ కూనిరాగం తీసే మనిషి ఉండే ఉంటుంది. వాద్యం లేకపోతే మానె, బల్ల మీద తాళం వెయ్యండి. గొంతు బాగుండదని ఆమె అంటుంది, అననివ్వండి. ఫ్యాను మాత్రం ఆపండి.